మసీదు వీధి మీదుగా రామేశ్వరం

శుక్రవారం

మాది సూళ్లూరుపేట. శ్రీహరికోట పక్కనే ఉన్న ఊరు కాబట్టి మాకు రాకెట్ అంటే పెద్ద వింతేం కాదు. ప్రయోగం ఉన్న రోజు మేడెక్కి చూస్తాం, కిటికీ తలుపులు దడదడలాడటం ఆగాక కిందికి దిగి ఎవరి పని వాళ్లు చూసుకుంటాం. అలాంటి ఊరి నుంచి రామేశ్వరం బయల్దేరేసరికి ఇంట్లో రెండు ప్లాన్లు తయారయ్యాయి. అత్తయ్య కాశీ నుంచి తెచ్చుకున్న గంగ చెంబు దేవుడి గూట్లో మూత విప్పకుండా ఉంది. ఆ గంగతో రామనాథస్వామికి అభిషేకం జరిగితేగానీ కాశీయాత్ర పూర్తయినట్టు కాదని ఆవిడ పట్టుదల. తొమ్మిదో తరగతి చదివే మా వాడికి మాత్రం అబ్దుల్ కలాం ఇల్లు చూడాలి, ఆయన సమాధి చూడాలి. నాకు రెండూ ఇష్టమే, ఎండ ఒక్కటే టెన్షన్.

చెన్నై నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సముద్రం ఒడ్డున ఉన్న మండపం స్టేషన్ దాటుతాం. అక్కడి నుంచి ఎవరూ సీట్లలో కూర్చోరు. సముద్రం మీదుగా రామేశ్వరం దీవికి తీసుకెళ్లే పాంబన్ కొత్త రైలు వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు మొదలైంది. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. ఓడలు వచ్చినప్పుడు మధ్యలో 72.5 మీటర్ల భాగం మొత్తం లిఫ్టులా నిటారుగా పైకి లేస్తుంది. 1914 నాటి పాత వంతెన దాని పక్కనే కనిపించింది. అందులో మధ్య భాగం రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేచేది. 2022 డిసెంబర్‌లో దాని మీద రైళ్లు ఆపేశాక రెండేళ్లకు పైగా రామేశ్వరానికి రైలే లేదు, మండపంలో దిగి బస్సో ఆటోనో ఎక్కాల్సి వచ్చేది. కొత్త వంతెన మీద రైలు ధీమాగానే వెళ్లిపోయింది. పాతదాని మీద నత్తనడకన, కింద నీళ్లు తప్ప ఇంకేమీ కనబడకుండా వెళ్లిన ప్రయాణమే నాకు ఎక్కువ నచ్చిందని చెప్పక తప్పదు.

స్టేషన్ బయట అడుగు పెట్టగానే ఆటోవాళ్లు అట్టముక్క మీద రాసుకున్న ప్యాకేజీతో చుట్టుముడతారు. రాముడి పాదాలు, లక్ష్మణ తీర్థం, తేలే రాళ్లున్న పంచముఖ హనుమాన్ గుడి, కలాం హౌస్, కలాం మెమోరియల్, చివర్లో ధనుష్కోడి, అన్నీ పూటలో పూర్తి. తెలుగు బాగానే మాట్లాడతారు, బేరం ఆడేటప్పుడు ఇంకా బాగా మాట్లాడతారు. "కలాం హౌస్ పది నిమిషాలమ్మా, అక్కడ ఏముంది" అన్నాడొకాయన. రేపు మాకు కలాం కోసం రోజంతా కావాలంటే, ఈవిడకేమైనా అయిందా అన్నట్టు చూశాడు.

ఆ రోజంతా గుడికే సరిపోయింది. గుడి ఎదుటి సముద్రంలో, అంటే అగ్నితీర్థంలో మునక, తర్వాత లోపలి 22 తీర్థాల దగ్గర బకెట్లతో నెత్తిన నీళ్లు, తడి బట్టలు మార్చుకోవడం, క్యూ. గంగ చెంబు మూత విప్పి అభిషేకానికి ఇచ్చేటప్పుడు అత్తయ్య మొహం చూడాలి. మూడో ప్రాకారంలోని స్తంభాల వరుస గురించి చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను.

శనివారం

స్ఫటికలింగ దర్శనం తెల్లవారుజామున ఐదింటికి. అది చూసుకుని, ఇడ్లీ తిని, ఎండ ఎక్కకముందే మసీదు వీధికి నడిచాం. నడవాలనే అనుకున్నాం. మా ఇంటికి శివాలయం పది నిమిషాల నడక అని కలాం స్వయంగా రాసుకున్నారు కదా, ఆ నడక ఎలా ఉంటుందో చూడాలని. గుడి ముందు పూజాసామాన్ల కొట్లు, శంఖాలు, గవ్వల దండలు. కాస్త ముందుకెళ్లి సందు తిరిగితే మసీదు. తిలకాలు దిద్దుకున్న మనుషులు, టోపీలు పెట్టుకున్న మనుషులు ఒకే టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఫొటో తీయాల్సినంత విశేషంగా అక్కడెవరికీ అనిపించడం లేదు, నేనూ తీయలేదు.

కలాం పుట్టింది 1931 అక్టోబర్ 15న, ఈ వీధిలోనే. తండ్రి జైనులాబ్దీన్ పడవ యజమాని, మసీదులో ఇమాం. తల్లి ఆషియమ్మ. అప్పటి ఇల్లు సున్నం, ఇటుకలతో కట్టిన పాతకాలపు పక్కా ఇల్లు. ఇప్పుడు మనం చూసేది మూడంతస్తుల మేడ, 'హౌస్ ఆఫ్ కలాం' అని బోర్డు. కింద కుటుంబం వాళ్ల ఇల్లు. మొదటి అంతస్తులో మ్యూజియం, పైన గవ్వలు, బొమ్మలు అమ్మే దుకాణం. కలాం పెద్దన్నయ్య ముత్తు మీరా లెబ్బై మరైక్కాయర్ 2021 మార్చిలో, 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తమ్ముడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నా అన్నగారు ఈ వీధి వదిలి వెళ్లలేదు.

మెట్లు ఇరుకు. చెప్పులు కింద వదిలి ఎక్కాలి. గోడల నిండా ఫొటోలు, సన్మాన పత్రాలు, డాక్టరేట్ పట్టాలు, పుస్తకాలు. జనం వెనక నుంచి తోస్తూనే ఉంటారు. ప్యాకేజీ ఆటోల్లో వచ్చినవాళ్లు ఓ చివర ఎక్కి, ఇంకో చివర దుకాణంలో తేలి, కీచైను కొనుక్కుని దిగిపోతున్నారు. ఆటోవాడి పది నిమిషాల లెక్కలో తప్పేం లేదన్నమాట. మేము ఓ గోడ వారగా నిలబడి రద్దీ తగ్గాక మళ్లీ మొదటి నుంచి చూశాం.

చిన్నప్పటి ఫొటోల దగ్గర మా వాడు ఆగిపోయాడు. ఎనిమిదేళ్ల కలాం రెండో ప్రపంచ యుద్ధంలో సంపాదన మొదలుపెట్టాడు. చింతగింజలకు ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. అవి ఏరి ఇదే వీధిలోని కొట్లో అమ్మితే రోజుకు ఒక అణా. తర్వాత పేపర్లు. యుద్ధం వల్ల రామేశ్వరం స్టేషన్లో రైలు ఆపడం మానేశారు. రామేశ్వరం రోడ్డుకూ ధనుష్కోడికీ మధ్య, పోతున్న రైల్లోంచి పేపర్ల కట్టలు కిందికి విసిరేవాళ్లు. ఊళ్లో పేపర్లు వేసే బంధువు శంసుద్దీన్‌కు ఆ కట్టలు అందుకోవడానికి ఓ పిల్లాడు కావాల్సి వచ్చాడు. ఆ పిల్లాడి దినచర్య విన్నాక మా వాడు నన్ను ఓరగా చూశాడు. నాలుగింటికి లేవడం, స్నానం, లెక్కల ట్యూషన్, వచ్చాక నమాజు, అరబిక్ బడి, ఆపైన పేపర్లు, అప్పుడు స్కూలు. ట్యూషన్ మాస్టారు ఏడాదికి ఐదుగురికే ఊరికే చెప్పేవారు, స్నానం చేయకుండా వస్తే రానిచ్చేవారు కాదు. "నాకు ఆరున్నర చాలమ్మా" అన్నాడు వాడు, నేనింకా ఏమీ అనకముందే.

ఆ రోజుల్లో రేషన్ గోధుమలు. తల్లి రొట్టెలు చేస్తూ పెడుతూ ఉంటే పిల్లాడు తింటూనే పోయాడట, ఆవిడకు మిగల్లేదని అన్నయ్య తర్వాత పక్కకు పిలిచి చెప్పాడట. ఆ కథ కలాం చాలా సభల్లో చెప్పారు. అత్తయ్య ఇంతకు ముందు వినలేదు. విని, "పెట్టేవాళ్లు చెప్పరు కదా" అని ఊరుకుంది.

ఇంటి నుంచి బయటికొచ్చి రామతీర్థం అనే కోనేటి వైపు వెళ్లాం. ఏటా సీతారాముల కల్యాణానికి ఉత్సవ విగ్రహాలను కోనేటి మధ్యలో మండపానికి తీసుకెళ్లాలి. అందుకు పడవలూ వాటి మీద వేదికా ఏర్పాటు చేసే బాధ్యత కలాం చిన్నప్పుడు ఆయన కుటుంబానిదే. ఆ ఇంట్లో పిల్లలకు రాత్రి పడుకునేముందు తల్లీ నాయనమ్మా రామాయణ కథలు, ప్రవక్త జీవిత కథలు కలిపే చెప్పేవారని ఆయన రాశారు. అంతా ఇంత సాఫీగా సాగిపోయిందని మాత్రం అనుకోవద్దు. ఐదో తరగతిలో కొత్తగా వచ్చిన మాస్టారు, గుడి ప్రధానార్చకులు పక్షి లక్ష్మణశాస్త్రిగారి కొడుకు రామనాథశాస్త్రి పక్కన టోపీ పెట్టుకున్న పిల్లాడు కూర్చోవడం సహించలేక కలాంను వెనక బెంచీకి పంపాడు. జంధ్యం వేసుకున్న పిల్లాడు ఏడ్చాడు. లక్ష్మణశాస్త్రిగారు ఆ మాస్టారిని పిలిపించి, పసిపిల్లల్లో ఈ విషం నాటొద్దు, క్షమాపణ చెప్పు, లేదంటే ఊరు వదిలి వెళ్లు అన్నారట. సైన్సు మాస్టారు శివసుబ్రహ్మణ్య అయ్యర్ ఇంట్లో ఇంకో రకం. ఆయన కలాంను భోజనానికి పిలిస్తే, మడి వంటింట్లో ముస్లిం పిల్లాడికి వడ్డించనని భార్య పట్టుబట్టింది. ఆయన కోప్పడలేదు. తనే వడ్డించి, పక్కనే కూర్చుని తిన్నారు. వచ్చే వారం కూడా రమ్మన్నారు. ఆ వారం ఆవిడే వంటింట్లోకి పిలిచి స్వయంగా వడ్డించింది.

నాకు ఈ రెండో కథ మీదే గురి ఎక్కువ. మొదటిదాంట్లో పెద్దమనిషి ఒకాయన అధికారంతో సరిచేశాడు. రెండోదాంట్లో ఇంట్లో ఓ ఆడమనిషి వారం రోజుల్లో మారింది. ఆవిడ ఆ వారం ఏమనుకుందో ఎవరూ రాయలేదు. మా అత్తయ్యను అడిగాను, మీరైతే ఏం చేసేవారని. "ఆ కాలంలోనా?" అంది. ఇంకేం చెప్పలేదు, నేనూ తరచి అడగలేదు.

మధ్యాహ్నం 'ఆంధ్రా భోజనం' బోర్డు చూసి లోపలికెళ్లాం. సాంబారు సాంబారులాగే ఉంది, పప్పు కూడా సాంబారులాగే ఉంది. గోంగూర పచ్చడి మాత్రం బాగుంది.

ఎండ కాస్త తగ్గాక ఆటోలో కలాం సమాధి ఉన్న పేయ్‌కరుంబు. ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. 2015 జులై 27న షిల్లాంగ్ ఐఐఎంలో ఉపన్యసిస్తూ కలాం కుప్పకూలిపోయారు. జులై 30న ఆయన్ను ఇక్కడ ఖననం చేశారు. చుట్టూ మెమోరియల్ కట్టింది ఆయన పనిచేసిన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓనే. సరిగ్గా రెండేళ్లకు, 2017 జులై 27న ప్రారంభించారు. ముఖద్వారం ఇండియా గేట్ పోలికలో, వెనక గుమ్మటాలు రాష్ట్రపతి భవన్ పోలికలో ఉంటాయి. తలుపులు తమిళనాడు నుంచే, రాయి జైసల్మేర్, ఆగ్రాల నుంచి, కుడ్యచిత్రాలు శాంతినికేతన్ లాంటి చోట్ల నుంచి వచ్చాయి. దేశం నలుమూలల సరుకూ ఒక దగ్గర చేర్చాలన్న ఉద్దేశం అర్థమవుతూనే ఉంది. నిజం చెప్పాలంటే నాకు బయటి నుంచి కొంచెం ఎక్కువైనట్టే అనిపించింది. రెండు సూట్‌కేసులతో రాష్ట్రపతి భవన్ వదిలి వెళ్లాడని చెప్పుకునే మనిషికి ఇన్ని గుమ్మటాలా?

లోపలికెళ్లాక ఆ విసుగు కొంత తగ్గింది. టికెట్ లేదు, ఫోన్లు, కెమెరాలు వాడనివ్వరు. ఫోన్లు లేకపోవడం వల్ల జనం నిజంగానే చూస్తున్నారు. పొద్దున ఇంటి దగ్గర సెల్ఫీల గొడవ చూసినదాన్ని కనుక ఆ తేడా బాగా తెలిసింది. సమాధి దగ్గర మాట్లాడకుండా వరుసలో నడుస్తున్నారు. హాళ్లలో చిత్రాలు, ఫొటోలు, నిలువెత్తు బొమ్మలు, రాకెట్ల, క్షిపణుల నమూనాలు. 2006లో పుణె దగ్గర సుఖోయ్ యుద్ధవిమానంలో ఎగిరినప్పటి ఫొటో చూసి ఓ పిల్ల "తాతకు భయం వేయలేదా" అని తమిళంలో అడిగింది. అప్పటికాయనకు 74 ఏళ్లు.

వీణ వాయిస్తున్న కలాం విగ్రహం దగ్గర ప్రారంభం రోజుల్లోనే రగడ అయింది. పక్కన భగవద్గీత మాత్రమే ఉందేమిటని కొందరు అడిగారు, కుటుంబం వాళ్లు ఖురానూ బైబిలూ తెచ్చి పెట్టారు, అలా పెట్టడం మీద మళ్లీ కొందరు అభ్యంతరం చెప్పారు. పొద్దున మసీదు వీధిలో నడిచి వచ్చిన వాళ్లకు ఈ పంచాయితీ మొత్తం కృత్రిమంగా కనిపిస్తుంది.

రాకెట్ల నమూనాల దగ్గర అత్తయ్యకు హుషారొచ్చింది. ఇది మా ఊరి సబ్జెక్టు కదా. ఎస్ఎల్‌వీ-3 రాకెట్ ప్రాజెక్టు డైరెక్టరు కలామే. 1979 ఆగస్టు 10న మొదటి ప్రయోగం రెండో దశలో చెడి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఇస్రో ఛైర్మన్ సతీష్ ధవన్ విలేకరుల ముందు తనే కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నారు. ఏడాది తిరక్కుండా 1980 జులై 18న రెండోసారి విజయవంతమై, 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. అప్పుడు విలేకరుల ముందుకు కలాంను పంపారు. అత్తయ్య అప్పటికి కొత్తగా కాపురానికొచ్చిందట. "మొదటిది పడిపోయినప్పుడు ఊళ్లో అందరూ దాని గురించే. రెండోది ఎగిరినప్పుడు మీ మామయ్య జిలేబీ తెచ్చారు" అని మా వాడికి చెప్తూ ఉంటే పక్కనున్న తెలుగు కుటుంబం కూడా ఆగి విన్నారు. వాళ్లది కరీంనగర్. ఆ పెద్దాయన, "మా హైదరాబాద్‌లో ఎక్కువ రోజులున్నాడమ్మా ఆయన" అని అందుకున్నారు. ఒప్పుకోవాల్సిందే. 1982లో క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా హైదరాబాద్ వచ్చాకే పృథ్వి, అగ్ని వగైరా క్షిపణులన్నీ.

హైదరాబాద్ అనగానే నాకు మాత్రం క్షిపణుల కన్నా నిమ్స్ ఆసుపత్రి గుర్తొస్తుంది. నిమ్స్ నుంచి ఎముకల డాక్టరు ఒకాయన కలాం ల్యాబ్ చూడటానికి వచ్చి, అగ్ని కోసం తయారుచేసిన తేలికపాటి కాంపోజిట్ పదార్థం చేతిలో పట్టుకుని చూసి, ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు, అంటే కాళ్లకు ఆసరాగా కట్టే పట్టీలు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. పిల్లలు నమ్మలేక పరుగెత్తారని, తల్లిదండ్రుల కళ్లలో నీళ్లొచ్చాయని కలాం ఎన్నోసార్లు చెప్పుకున్నారు. గుండె డాక్టరు సోమరాజుగారితో కలిసి చేసిన చవక స్టెంటు ఆ తర్వాతి సంగతి. బయట నిలబెట్టిన అగ్ని నమూనా దగ్గర ఈ కథ చెప్తే మా వాడు, "అంటే కాలిపర్ కూడా అగ్నేనా" అన్నాడు. వాడి లెక్కలో అదీ కరెక్టే.

ఆటోవాళ్లు వచ్చేదారిలోనే ఉంది కదా అని మెమోరియల్ ముందు చూపించి తర్వాత ఇంటికి తీసుకెళ్తారు. తిరగేసి చూడండి. మెమోరియల్ చూసి వెళ్తే ఆ ఇల్లు వట్టి దుకాణంలా కనిపిస్తుంది. ఇల్లు, వీధి, గుడి, రామతీర్థం కాళ్లతో తిరిగి, ఆ తర్వాత పేయ్‌కరుంబు వస్తే లోపల కనబడే ప్రతి బొమ్మ వెనకా ఓ సందు గుర్తొస్తుంది.

ఆదివారం

పొద్దున్నే ధనుష్కోడి. రామేశ్వరం నుంచి దీవి కొస అరిచల్‌మునై దాకా తారురోడ్డు, రెండు పక్కలా సముద్రం. 1964 డిసెంబర్ 22 రాత్రి తుపానుకు ముందు ఇక్కడ స్టేషన్, పోస్టాఫీసు, కస్టమ్స్, చర్చి అన్నీ ఉన్న ఊరు. మద్రాసు నుంచి బోట్ మెయిల్‌లో వచ్చి, ఇక్కడ స్టీమరెక్కి సిలోన్‌లోని తలైమన్నార్ వెళ్లేవాళ్లు. ఆ రాత్రి పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరు వందమందికి పైగా జనంతో అలల్లో కొట్టుకుపోయింది. పాంబన్ వంతెన కూడా దెబ్బతింది. దాన్ని 46 రోజుల్లో నిలబెట్టిన ఇంజనీరు ఇ. శ్రీధరన్, తర్వాత మెట్రో శ్రీధరన్‌గా మనందరికీ తెలిసినాయన.

చర్చి గోడలు, స్టేషన్ మొండి గోడలు మిగిలాయి. చేపల వేపుడు కొట్ల పొగ గాలికి మొహాన కొడుతోంది. చాలామంది సముద్రం చూడటానికే వస్తారు, నేను కొంచెం వేరే లెక్కతో వెళ్లాను. కలాం తండ్రి రామేశ్వరం నుంచి ధనుష్కోడికి యాత్రికులను చేరవేయడానికే చెక్క పడవ కట్టారు. ఆ పడవ తయారవుతుంటే పిల్లాడు పక్కనే కూర్చుని చూశాడు. బంధువు అహ్మద్ జలాలుద్దీన్ కూడా ఆ పనిలో చేయి వేసేవాడు. తర్వాత కలాం అక్క జోహరాను పెళ్లి చేసుకున్నది ఆయనే. పడవ వ్యాపారం బాగానే సాగుతుండగా ఓ తుపాను దాన్ని ఎత్తుకుపోయింది. పేపర్ల కట్టలు పడిన రైలుమార్గమూ ఈ వైపుదే. ఆ పట్టాలిప్పుడు లేవు. "ఏ చోట విసిరేవాళ్లు" అని మా వాడు డ్రైవర్‌ను అడిగాడు. అతను ఇసుక వైపు ఓ చెయ్యి అలా తిప్పాడు, అంతే.

మధ్యాహ్నం సామాను సర్దుకుని మదురై దారి పట్టాం. రైలు కాకుండా బస్సు ఎంచుకోవడానికి కారణం రామనాథపురం. రామేశ్వరానికి 55 కిలోమీటర్ల దూరం, మదురై వెళ్లే బస్సులన్నీ ఆగుతాయి. ప్రాథమిక బడి అయ్యాక కలాం చదివిన ష్వార్ట్జ్ హైస్కూలు అక్కడే. పిల్లాణ్ని పంపడానికి తల్లి వెనకాడితే, పక్షి గూడు లేకుండా ఒంటరిగా ఎగరదా అన్నట్టుగా తండ్రి నచ్చజెప్పారట. ఆ ఊళ్లో కలాంకు ఇంటి మీద బెంగ, అమ్మ చేసే పోళీల మీద బెంగ. అయ్యదురై సోలొమన్ అనే మాస్టారు దొరికాక కుదురుకున్నాడు. జోహరా చేతి గాజులు, మెడలో గొలుసు తాకట్టు పెట్టి మద్రాస్ ఎంఐటీ ఇంజనీరింగ్ కాలేజీ ఫీజు కట్టింది ఇంకా కొన్నేళ్ల తర్వాత.

ఆదివారం కాబట్టి స్కూలు మూసి ఉంది. గేటు బయటి నుంచే చూశాం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పి, ఎక్కువసేపు నిలబడలేదు. కలాం స్థలాలు పూర్తిగా చూడాలనుకునేవాళ్లు రామనాథపురాన్ని వారం మధ్యలో పెట్టుకోవడం మంచిది. ఆటో ప్యాకేజీల్లో ఈ ఊరు ఉండదు, దూరం కదా. పక్క కొట్లో నన్నారి సర్బత్ తాగి నాలుగున్నర బస్సు పట్టుకున్నాం. మదురై చేరేసరికి ఎనిమిది దాటింది. మీనాక్షమ్మ గుడి ఇంకా తెరిచే ఉంటుందని అత్తయ్య సందులో సందు లెక్క వేసింది.